క్రైస్తవ గృహము: చాప పరిస్తే చాలదు, కూర్చోవలెను

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 6:6-9, అపొస్తలుల కార్యములు 8:26-39, 2 తిమోతి 1:5



ఈ నెల మా ఇంట జరిగిన ఒక సంగతితో ఆరంభిస్తాను. గొప్పగా చెప్పుకొనేది కాదు. అయినను మీలో కొందరికి మేలు కలుగునని వ్రాయుచున్నాను.

మా చిన్నమ్మాయి రెండవ తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆదివారం ఆరాధనలో ఇరువది మూడవ కీర్తన చదువుమని బైబిలు చేతికిచ్చాను. ఎక్కడా తడబడకుండా చదివింది. తల్లులందరు మెచ్చుకున్నారు. నాకు కొంచెం గర్వము కలిగింది. ఆ గర్వముతోనే, "తరువాతి కీర్తన కూడ చదువమ్మా" అన్నాను. పిల్ల పుట వైపు చూస్తూ నిలబడిపోయింది. ఒక్క మాట రాలేదు. అప్పుడు తెలిసింది, మొదటిది చదవలేదు, కంఠతా అప్పగించింది. నేను ఊరుకొని ఉంటే బాగుండేది. "పాస్టరు బిడ్డవై ఉండి తెలుగు చదవరాదా?" అని అందరి ఎదుట అన్నాను. అది ఏడ్చుకుంటూ వాళ్ల నాయినమ్మ ఒడిలో తల పెట్టుకుంది. ఆ తరువాత చాలా వారాలు బైబిలు చేతికిస్తే వెనుకకు జరిగేది.

ఆ రాత్రి నా భార్య అన్న మాట ఇది: "మీ పుస్తకాలన్ని అద్దాల బీరువలో పెట్టి తాళమేసుకున్నరు. పొల్ల చేతికందే పుస్తకం ఇంట్ల ఒక్కటన్న ఉన్నదా?"

లేదు. వేదాంత విద్య చదివిన నాటి నుండి నేను కూడబెట్టిన పుస్తకములు నాలుగు అరలు నిండా ఉన్నవి. బిడ్డకు స్కూలు పుస్తకములు తప్ప మరేమి లేవు. ఇతరుల పిల్లలకు సండే స్కూలు నడుపుచున్న వాడను నా ఇంటిని మరచిపోయాను.

సండే స్కూలు ఎందుకు పుట్టినదో మనలో అనేకులు మరచిపోయాము. 1780లో ఇంగ్లండులోని గ్లౌసెస్టరు పట్టణంలో పత్రిక నడిపే రాబర్టు రైక్స్ అనే ఆయన దానిని ఆరంభించాడు. వారమంతా పనిలో ఉండి ఆదివారం వీధులలో తిరిగే పేద పిల్లలకు చదువు నేర్పడమే ఆ బడి పని. బైబిలు చదవాలంటే ముందు అక్షరము రావాలి గదా! కంఠతా పట్టించడం మంచిదే. 1912లో డోర్నకల్లు బిషపుగా అభిషేకము పొందిన వి.ఎస్. అజరయ్య గారి కాలంలో మన పల్లె విశ్వాసులలో ఎక్కువమందికి చదువు రాదు. ప్రభువు నేర్పిన ప్రార్థన, పది ఆజ్ఞలు ఉపాధ్యాయులు వల్లె వేయించి నేర్పారు. వారికి అది తప్పనిసరి. ఇప్పుడు బడికి పోయే మన పిల్లలు కూడ వల్లె వేయడం దగ్గరే ఆగిపోతే తప్పు మనది.

అందుకు ఇల్లే మొదటి స్థలము. దూరము పోనక్కరలేదు, మన చిన్నగూడూరు చూడండి. 2016లో వేరు మండలము కాక మునుపు అది మన మరిపెడ మండలంలోని ఊరే. దాశరథి కృష్ణమాచార్య గారు 1925లో అక్కడ పుట్టారు. నిజాం పాలనలో ఉన్నత పాఠశాల చదువు ఉర్దూలో సాగేది. ఆయన మహాకవి కావడానికి పునాది ఇంటిలోనే పడింది, తండ్రి పండితుడు. ఆయన తమ్ముడు రంగాచార్య గారు కూడ గొప్ప నవలాకారుడయ్యారు. నేడు మన పిల్లల సంగతీ అటువంటిదే. 2022-23 నుండి సర్కారు బడులలోను ఇంగ్లీషు మీడియం వచ్చింది. తండాల పిల్లలు ఇంట లంబాడీ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మోయవలసి వస్తున్నది. తెలుగు బైబిలు చదవగల తరము రేపు మన సంఘములలో ఉంటుందా లేదా అన్నది మన ఇండ్లలోనే తేలుతుంది.

"అయ్యగారూ, మా తండ్రులు పండితులు కారు, మాది రెండు గదుల ఇల్లు" అంటారేమో. మా ఇంట మేము చేసినది చెబుతాను, ఖర్చు ఎంతో మీరే చూడండి.

స్థలము: ఒక చాప పట్టేంత మూల చాలు. పొయ్యికి, టీవీకి దూరంగా, కిటికీ దగ్గర ఉండాలి. వెలుగు పిల్లవాని ఎదుట నుండి కండ్లలో పడకుండా వెనుక నుండియో ప్రక్క నుండియో పుస్తకము మీద పడాలి. మేము ఈతచాప పరచి, పైన పాత చీరలతో కుట్టిన బొంత వేశాము. ఇంకొక పాత చీరను పైనుండి గుడారములా కట్టాము. పెద్దలు వంగితేగాని లోపలికి పోలేరు. అందుకే పిల్లలకు అది ఇష్టము, అది వారి ఇల్లు.

పుస్తకములు పెట్టుట: చదవరాని పిల్లవాడు అట్ట మీది బొమ్మను చూచి పుస్తకము ఎంచుకుంటాడు, వీపును చూచి కాదు. గనుక దొంతిగా పేర్చవద్దు. గోడకు రెండు మేకులు కొట్టి సుతిలి తాడు కట్టి, పుస్తకములను మధ్యకు తెరచి దాని మీద వేయండి. ఎత్తు పిల్లవాని ఛాతీ వరకే. మట్టిగోడకు ఆనించితే చెదలు పడతాయి, నాలుగు వేళ్ల ఎడము విడువండి, అప్పుడప్పుడు ఎండ చూపండి. వానాకాలములో రాత్రిపూట వాటిని తీసి అటక మీద పెట్టుట మంచిది. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి సీతారాం తండా ఇండ్లలోకి నీరు వచ్చిన సంగతి మనమెవ్వరము మరువలేదు. మరొక జాగ్రత్త. పత్తి, మిరప మందులు వచ్చిన డబ్బాలను, అట్టపెట్టెలను బాగున్నవి గదా అని పిల్లల మూలకు తేవద్దు. కడిగినా తుడిచినా ఆ విషము పూర్తిగా పోదు.

అలంకారము: కాలమునుబట్టి ఒక బైబిలు కథను తీసికొని మూలను ఆ కథగా మార్చండి. తొలకరి వానలకు నోవహు ఓడ. బట్టల దుకాణంలో దొరికే పెద్ద అట్టపెట్టెను పడవలా కోయండి. అందులోకి ఎక్కే జంతువులను పిల్లలనే గీయనియ్యండి, ఎద్దు, మేక, కాకి, పావురము, వారు చూచినవే. వరి కోతల నాటికి రూతు. పరిగె ఏరుకొన్న ఆమె కథకు గుప్పెడు కంకులు కట్టి వ్రేలాడదీస్తే చాలు. డిసెంబరులో బేత్లెహేము పశువుల పాక. గడ్డి పరచిన చోట క్రొవ్వొత్తి మాత్రము వెలిగించవద్దు. ఎండాకాలంలో జక్కయ్య ఎక్కిన మేడిచెట్టు. గోడకు జాజుతో మొదలు, కొమ్మలు గీసి, చదివిన ప్రతి పుస్తకమునకు ఒక కాగితపు ఆకు అంటించనియ్యండి. బడి తెరిచేసరికి ఆ చెట్టు ఎంత పచ్చగా ఉందో పిల్లలే లెక్కిస్తారు.

ఏమి చదవాలి: బొమ్మల బైబిలు కథలు మొదట ఉండనియ్యండి. వాటితో పాటు నేషనల్ బుక్ ట్రస్టు, సికింద్రాబాదులోని మంచి పుస్తకం వారి చిన్న పుస్తకములు ఉన్నవి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ఆరంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితముగా చదవవచ్చును. ఫోనులో చదివించేటప్పుడు ఫోను పెద్దల చేతిలోనే ఉండాలి. పాత చందమామలు ఎవరి ఇంటనైనా ఉంటే అడిగి తెచ్చుకోండి.

మా సంఘ పెద్ద ఒకరు, "కథల పుస్తకాలెందుకు అయ్యగారూ, బైబిలు చాలదా?" అని అడిగారు. ఆయన భయము నాకు అర్థమైంది. పుస్తకము పెద్దలు ముందు చదివి ఇవ్వవలసినదే. అయితే మన ప్రభువు విత్తువాని గూర్చి, తప్పిపోయిన గొఱ్ఱె గూర్చి, పులిసిన పిండి గూర్చి చెప్పి పరలోక రాజ్యమును బోధించాడు. కథ వినే చెవి లేని బిడ్డకు ఉపమానము ఎలాగు తెలుస్తుంది? కుందేలు కథను కూడబలుక్కొని చదివిన నాలుకే రేపు మార్కు సువార్త చదువుతుంది.

ఇక అసలు సంగతి. మూల తయారైన మొదటి వారము మా అమ్మాయి అందులో ఆడుకుంది, బొమ్మను పండుకోబెట్టింది. పుస్తకము ముట్టలేదు. నేను పోయి కూర్చుంటే లేచి వెళ్లిపోయింది. నా ఎదుట తప్పు చదవడానికి దానికి భయము. ఆ భయము పెట్టినవాడను నేనే.

అప్పుడు మా అమ్మ ఆ చాప మీద కూర్చుంది. మా అమ్మకు అక్షరము రాదు. కూలికి పోయి నన్ను చదివించింది. ఒక పుస్తకము చేతిలోకి తీసికొని, తలక్రిందులుగానే పట్టుకొని, "ఈ పిట్ట ఏమంటున్నదే? నాకు సదువు రాదు బిడ్డా, నువ్వు సదువు, నేనింట" అన్నది. పిల్ల నవ్వి పుస్తకము తిప్పి ఇచ్చింది. ఒక్కొక్క అక్షరము కూడబలుక్కొని ఒక వాక్యము చదివింది. అందులో రెండు తప్పులున్నవి. ఇవతల గదిలో నుండి నాకు వినబడింది, నాయినమ్మకు తెలియలేదు. "ఆ తర్వాత ఏమైంది?" అని మాత్రమే అడిగింది. పిల్ల పుట త్రిప్పింది.

ప్రియులారా, తప్పులు దిద్దే తండ్రి చేయలేనిది తప్పులు తెలియని అవ్వ చేసింది. రోజూ దీపాలు పెట్టే వేళ, భోజనమునకు ముందు, వారిద్దరు ఆ గుడారంలో పావుగంట కూర్చునేవారు. పిల్ల తన తప్పును తానే తెలిసికొని వెనుకకు పోయి చదువుట మొదలుపెట్టింది. నేను నోరు మూసికొనుట నేర్చుకున్నాను.

ఐతియొపీయుడైన నపుంసకుని కథ ఇప్పుడు చదువుకొనండి. అతనికి రథమున్నది, యెషయా గ్రంథమున్నది, తీరిక ఉన్నది. అంతకంటె మంచి చదువుకొనే చోటు ఎవరికి దొరుకుతుంది? అయినను గ్రహింపు లేదు. త్రోవ చూపేవాడు లేకుండ ఎలాగని అతడే అడిగాడు. ఫిలిప్పు క్రింద నిలిచి ఉపన్యాసము చెప్పలేదు. రథమెక్కి అతని ప్రక్కన కూర్చున్నాడు. చాప, చీర, బొమ్మలు రథము వంటివి. ఎక్కి కూర్చునేవారు కావాలి. తిమోతి విశ్వాసమును గూర్చి వ్రాసినప్పుడు పౌలు ముందు చెప్పిన పేరు అవ్వయైన లోయిది, తరువాత తల్లియైన యునీకే. ద్వితీయోపదేశకాండములో మోషే కూడ దేవుని మాటలను పిల్లలతో మాట్లాడవలసిన చోట్లు చెప్పుచు ఇంట కూర్చుండుటనే ముందు పెట్టాడు.

గనుక చదువురాని తల్లులారా, తండ్రులారా, ఇది మాకు కాదని తొలగిపోవద్దు. మీరు చదవనక్కరలేదు, వినండి. తండాలోని అమ్మలారా, బిడ్డ తెలుగులో చదివిన దానిని లంబాడీలో మరల చెప్పమని అడగండి. రెండు భాషలలో చెప్పగలిగితే అతనికి కథ అర్థమైనట్టే. నాయనలారా, వారానికి రెండు రోజులైనా ఫోను ప్రక్కన పెట్టి ఆ చాప మీద కాలు మడవండి.

ఆ క్రిస్మసుకు మా అమ్మాయి లూకా సువార్త రెండవ అధ్యాయములో ఏడు వచనములు చదివింది. నేను అడగలేదు, తానే చదువుతానన్నది. "కురేనియు" అనే పేరు దగ్గర ఆగి, తప్పు పలికి, ముందుకు పోయింది. నేను దిద్దలేదు. ముందు వరుసలో మా అమ్మ తల ఊపుతూ విన్నది. మా బీరువ తాళపుచెవి ఇప్పుడు గోడ మేకుకు, పిల్లలకు అందే ఎత్తులో వ్రేలాడుచున్నది.

ఈ నెల చేయవలసిన పని: ఈ శనివారమే మీ ఇంట ఒక మూల ఖాళీ చేయండి. ఒక చాప, ఒక తాడు, మూడు పుస్తకములు. పుస్తకములు లేనివారు మీ పాస్టరు గారిని అడగండి. పాస్టర్లారా, మీ బీరువలు తెరవండి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీవు మాకిచ్చిన పిల్లలను వారి తప్పులనుబట్టి సిగ్గుపరచిన మమ్మును క్షమించుము. వారి ప్రక్కన కూర్చుండు ఓపికను, వినే చెవిని మాకు దయచేయుము. అక్షరము రాని మా తల్లులను ఆశీర్వదించుము. మా ఇంటి చిన్న మూలలో నీ వాక్యమునకు చోటు కలుగజేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.