చేజారిన గుడ్డ

ఇదివరకు మన ఇళ్ళలో తుడిచే గుడ్డలు రెండే. పాత చీర చించిన మసిగుడ్డ ఒకటి, పాత పంచె చించిన తడిగుడ్డ ఒకటి. ఇప్పుడు మూడోది వచ్చింది, కారు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డ. కారు తోలేది మగవాళ్ళే కావచ్చు. ఆ గుడ్డ ఉతికేది, ఆరేసేది, పొద్దున్నే బండి మీద దుమ్ము తుడిచేది ఎవరండీ? మనమే కదా! అందుకని ఈ వారం దాని సంగతి.

మా వీధిలో ఒకాయన అప్పు చేసి నల్లకారు కొని బాడుగకు తిప్పుతున్నాడు. ఆరు నెలలు తిరక్కముందే, ఎండలో నిలబెడితే సాలెగూడులాగా సన్నగీతలు కనబడ్డాయి. “నీ చెయ్యి మొరటు, గట్టిగా రుద్దినావు” అని భార్య మీద పడ్డాడు. రేపు అమ్మబోతే గీతలు చూపించి ధర తగ్గిస్తారని ఆయన బాధ. ఆ పిల్ల రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ ఇంట్లో నేను చూసేది ఒకటే. తుడిచేటప్పుడు గుడ్డ జారి వాకిట్లో పడుతుంది. ఎవరు తీసినా రెండుసార్లు దులిపి, మళ్ళీ కారు మీదే పెడతారు. ఆయనా అంతే, ఆమే అంతే. చేతిని తిట్టి ఏం లాభం? దోషం నేలది.

మన రాప్తాడు చుట్టుపక్కల ఎర్రమట్టి వేళ్ళ మధ్య నలిపి చూడండి, గరగరమంటుంది. అందులో పలుగురాయి పొడి ఉంటుంది. 1812లో ఫ్రెడ్రిక్ మోస్ అనే ఖనిజ శాస్త్రజ్ఞుడు రాళ్ళ గట్టితనానికి ఒకటి నుంచి పది దాకా లెక్క పెట్టాడు. పలుగురాయి ఏడు. కిటికీ అద్దం అయిదున్నర దగ్గర. అంటే అద్దాన్నే గీసే రాయి. కారు రంగు మీద ఉండే మెరుపు పొర మన తలవెంట్రుక కన్నా పలచన. ఇక చెప్పాలా? పాలిష్ పట్టించి గీతలు తీయించవచ్చు గానీ, పట్టించిన ప్రతిసారీ ఆ పొరే కాస్త అరుగుతుంది.

నూలుగుడ్డయితే దులిపితే కొంత మన్ను రాలుతుంది. ఈ గుడ్డ అలా కాదు. పాలిస్టర్, నైలాన్ కలిపి పట్టుదారం కన్నా సన్నగా చీల్చిన పోగులివి. దుమ్మును ఒడిసి పట్టుకోవడమే దాని గొప్ప. పట్టుకున్నదాన్ని వదలకపోవడమే దానితో వచ్చే తంటా. పల్లేరుకాయ చీర అంచుకు పట్టుకున్నట్టే అనుకోండి. నిజం పల్లేరుముల్లే అందులో దిగినా ఆశ్చర్యం లేదు, మన వాకిళ్ళు తెలిసినవే గదా.

కాబట్టి చేజారి నేల మీద పడిందా, ఆ పూటకు దాని పని అయిపోయింది. ఒక్క క్షణమే పడిందనీ, ఒక మూలే తగిలిందనీ బేరాలొద్దు. తీసి పక్క బకెట్లో వేసి, వేరేది తీసుకోండి. తుడవడానికి కూర్చునేటప్పుడే నాలుగు గుడ్డలు దగ్గర పెట్టుకుంటే ఈ దులుపుడు బుద్ధి పుట్టదు. గుడ్డను సగానికి, మళ్ళీ సగానికి మడిస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒకటి మాసితే తిప్పుకోవచ్చు. ముందుగా చెంబుతో నీళ్ళు పోసి పైమన్ను జారనివ్వండి. దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి రుద్దడమంటే, కింద పడిన గుడ్డతో తుడిచినంత పనే.

“మాకు నీళ్ళెక్కడివమ్మా?” అంటారు. నిజమే, వాన మొహం వాచిన ఊళ్ళు మనవి. అందుకే పడిన ప్రతి గుడ్డనూ అప్పుడే ఉతకొద్దు. నాలుగైదు పోగయ్యాక అర బకెట్ నీళ్ళలో కాస్త ద్రవం సబ్బు వేసి గంటసేపు నాననివ్వండి. మన్ను అడుక్కు దిగుతుంది. గుడ్డలను పైనుంచి ఎత్తి తీయాలి, బకెట్ కుమ్మరించకూడదు. తర్వాత రెండు నీళ్ళలో జాడించండి. బ్లీచింగ్ పౌడరు, బట్టలు మెత్తబడే మందు, మరిగే నీళ్ళు, ఇస్త్రీ ఈ పోగులకు పడవు. తువ్వాళ్ళు, లుంగీలతో కలిపి ఉతికితే వాటి నూగంతా దీనికే అంటుతుంది.

ఆరేయడం కంపకోట మీదా, బండ మీదా కాదు, తీగ మీద, నీడన. ఆషాఢం గాలి రోజుల్లో అయితే ఇంట్లోనే. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టారా? ఆ గాలికి బయట ఆరేస్తే ఉతికిన శ్రమంతా మన్నులో కలిసినట్టే.

ఉతికిన గుడ్డ పనికొస్తుందో లేదో అనుమానంగా ఉంటే, మూలన పడేసిన పాత సీడీ మెరిసే వైపు దానితో నాలుగుసార్లు తుడిచి, వెలుతురుకు పెట్టి చూడండి. గీతలు పడితే ఆ గుడ్డ మళ్ళీ రంగు మీదికి రాకూడదు. మూల కత్తిరించి గుర్తు పెట్టి, చక్రాలకు వాడుకోండి. చక్రాలు తుడిచిన గుడ్డలో బ్రేకు నుంచి రాలిన ఇనుప పొడి చేరుతుంది, అది ఎన్నిసార్లు ఉతికినా చక్రాలకే. నూనె, గ్రీజు అంటినదాన్ని మాత్రం ఇంటి బట్టల దగ్గరికి రానివ్వక పారేయండి. ఆ పిల్లకు నేను మూడు రంగుల గుడ్డలు కొనమన్నాను: నీలం పైకి, పసుపు లోపలికి, ఎరుపు చక్రాలకు. వాళ్ళాయనకు కూడా రంగులు గుర్తే, మరిచిపోయానని తప్పించుకోలేడు.