కొత్తదల్లా మెరుగైంది కాదండీ!

విండోస్‌లో ఏది మంచిదంటే చాలామంది తడుముకోకుండా "కొత్తది" అంటారు. ఇంకొందరు అంతే తడుముకోకుండా "ఎక్స్‌పీని మించింది లేదు" అంటారు. రెండు మాటలూ నేను ఒప్పుకోను. నా లెక్కలో అన్నిట్లోకీ మేలైనది విండోస్ 7. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి.

ముందు ఎక్స్‌పీ సంగతి. 2001లో వచ్చింది. మనలో ఎంతోమంది ఇళ్ళల్లో మొదటి కంప్యూటర్ అదే. ఆ పచ్చని కొండ, నీలాకాశం బొమ్మ ఇప్పటికీ కళ్ళముందు మెదులుతుంది. అంతకుముందున్న 98, ఎంఈలు మాటిమాటికీ నీలం తెర చూపించి చతికిలపడేవి. ఆ బాధని ఎక్స్‌పీ చాలామటుకు తగ్గించింది, కాదనను. కానీ 2003లో వచ్చిన బ్లాస్టర్ వైరస్‌ని అందరూ మర్చిపోతారెందుకు? మనం ఏ ఫైలూ తెరవక్కర్లేదు, నెట్‌కి తగిలిస్తే చాలు, లోపలికి దూరేది. ఫైర్‌వాల్ ఉంది, కానీ ఆన్ చేసి ఇవ్వలేదు. 2004లో రెండో సర్వీస్ ప్యాక్ వచ్చాకగానీ అది సరిపడలేదు. తలుపుకి గొళ్ళెం బిగించి, వేయడం మర్చిపోయినట్టు!

2007లో విస్టా వచ్చింది. భద్రత పెంచారు, మంచిదే. కానీ బరువు ఎక్కువ, పైగా ప్రతి చిన్నపనికీ "అనుమతిస్తారా?" అని అడగడం. 2009లో అదే పునాది మీద 7 కట్టారు. అడగడం తగ్గించారు, బరువు దించారు, స్టార్ట్ బటన్ ఉన్నచోటే ఉంచారు. తిట్లు విస్టా తింది, పేరు 7 కొట్టేసింది. అయినా ఆ పేరుకి అది తగినదే.

అసలు నా కోపమంతా 2012లో వచ్చిన 8 మీద. వేలితో తాకే టాబ్లెట్ల కోసమని, మౌస్‌తో పనిచేసేవాళ్ళ స్టార్ట్ బటన్ తీసేశారు. పోపులపెట్టెలో ఆవాలెక్కడున్నాయో చూడకుండానే మన చెయ్యి అక్కడికి వెళ్తుంది. ఎవరో వచ్చి గిన్నెలన్నీ తారుమారు చేసి, మనం వెతుక్కుంటుంటే "నీకు కొత్తవి నేర్చుకోవడం రాదు" అంటే ఊరుకుంటామా? కంప్యూటర్ విషయంలో మాత్రం ఊరుకున్నాం. తప్పు మనదే అనుకున్నాం. ఏడాది తిరిగేసరికి 8.1లో ఆ బటన్ మళ్ళీ పెట్టారు. మరి తప్పెవరిదండీ?

2015లో వచ్చిన 10 కొంత సర్దుకుంది, కానీ సాలిటైర్ ఆడుకుంటే మధ్యలో ప్రకటనలు. 2021లో వచ్చిన 11 స్టార్ట్ బటన్‌ని తీసుకెళ్ళి మధ్యలో పెట్టింది. అంతటితో ఆగలేదు. టీపీఎం 2.0 కావాలి, ఫలానా ప్రాసెసర్లే కావాలి అంది. 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆపేశారు. అదనంగా నమోదు చేసుకున్నవాళ్ళకి 2026 అక్టోబరు దాకా గడువిచ్చారు. నిక్షేపంలా నడుస్తున్న కంప్యూటర్‌ని పాత సామానువాడికి వెయ్యమనడం మెరుగుదల ఎలా అవుతుంది?

7 మేలైనదన్నానని ఇప్పుడు దాన్నే వాడమనడం లేదు. 2020 జనవరితో దానికీ మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, అందులో బ్యాంకు పనులు చెయ్యకండి. 2017 మే నెలలో వానాక్రై వచ్చినప్పుడు దెబ్బతిన్నవాటిలో ఎక్కువ 7 ఉన్న కంప్యూటర్లే. దాన్ని ఆపే అప్‌డేట్ రెండు నెలల ముందే వచ్చింది, వేసుకున్నవాళ్ళు బతికిపోయారు. మంచి ఇల్లయినా తాళం వెయ్యాల్సిందే కదా. 11 ఎక్కని పాత యంత్రముంటే లైనక్స్ మింట్ లాంటిది ఉచితంగానే వేయించుకోవచ్చు.

నా కొలత ఒక్కటే. నిన్న వచ్చిన పని నాకు ఇవాళా రావాలి, తలుపు మాత్రం నిన్నటికన్నా గట్టిగా ఉండాలి. 7 ఆ రెండూ చేసింది. ఈసారి ఇంట్లో ఎవరైనా "నీకు కంప్యూటర్ రాదులే" అంటే, తల దించుకోకుండా ఒక్కమాట అడగండి: "నిన్నటిదాకా వచ్చిందిగా, మార్చిందెవరు?"