విత్తనం ప్యాకెట్ మీద పేరు ఎవరిదైతే, పొలంలో బాధ్యత కూడా వాళ్లదే

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మన గ్రూపులో చాలామందికి సీడ్ పత్తి పని తెలుసు. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్తా. హైబ్రిడ్ పత్తి విత్తనం దానంతటది రాదు. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను గిల్లి పుప్పొడి భాగం తీసేయాలి. తెల్లారాక వేరే రకం చెట్టు నుంచి మగ పువ్వు తెచ్చి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ప్రతి పువ్వుకూ చేత్తోనే, సీజన్ అంతా రోజూ చేయాలి. ఒక్కరోజు ఆగితే ఆ పూటకు విచ్చిన పూలన్నీ పోయినట్టే.

కర్నూలు, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ పనికి ఏళ్ల తరబడి ఆడపిల్లలనే పెట్టారు. గుజరాత్ సీడ్ పొలాలకైతే రాజస్థాన్‌లోని డూంగర్‌పూర్ వైపు నుంచి భిల్లు ఆదివాసీ పిల్లలను మధ్యవర్తులు తీసుకుపోయేవాళ్లు. "చిన్న చేతులైతే పువ్వు నలగదు" అని సాకు చెప్తారు. అసలు కారణం అది కాదు. పిల్లలకు కూలి తక్కువ, అడ్వాన్స్ ఇస్తే సీజన్ అంతా కట్టుబడి ఉంటారు, ఎదురు మాట్లాడరు.

అడిగితే కంపెనీ చెప్పే మాట ఒకటే: "వాళ్లు మా కూలీలు కాదు." మధ్యలో ఆర్గనైజర్, ఆయన కింద రైతు, రైతు కింద మేస్త్రీ. కానీ మూల విత్తనం ఇచ్చేది కంపెనీ. పంట తీసుకుని పరీక్ష చేసి పాస్, ఫెయిల్ అనేది కంపెనీ. ధర చెప్పేది కూడా కంపెనీయే. కల్తీ ఉందేమోనని పొలం దాకా వచ్చి మొక్కలు చూసే మనిషికి, అదే సాలులో నిలబడ్డ పన్నెండేళ్ల పిల్ల కనపడదా?

తప్పంతా రైతుదే అనడం కూడా సులువే. సీడ్ సాగు ఖర్చులో పెద్ద భాగం కూలీదే. పెద్దవాళ్లకు న్యాయమైన కూలి ఇస్తే మిగలని ధర పెట్టి, "పిల్లల్ని పెట్టొద్దు" అని కాగితం మీద సంతకం తీసుకుంటే అది పైకి నీతి, లోపల బేరం.

మార్పు రాదా అంటే, వచ్చిన దాఖలా ఉంది. ఎం.వి. ఫౌండేషన్ లాంటి సంస్థలు, విదేశీ ప్రచార బృందాలు ఒత్తిడి తెచ్చాక బేయర్, మోన్శాంటో కంపెనీలు పిల్లల్ని పెట్టని రైతులకు కొనుగోలు ధర మీద 5 శాతం బోనస్ ఇచ్చాయి. తలుచుకుంటే పొలం దాకా బాధ్యత తీసుకోగలమని వాళ్లే చూపించారు. అయితే బోనస్ దయ కింద వస్తుంది, పోతుంది. ధర ఒప్పందంలో ఉండాలి.

బంగ్లాదేశ్ ఉదాహరణ చూడండి. 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడల్లో పగుళ్లు కనిపించినా కార్మికులను లోపలికి పంపారు. ఆ భవనంలోని కొన్ని ఫ్యాక్టరీలకు అంతకుముందు ఆడిట్లు జరిగినవే. తర్వాత కార్మిక సంఘాలతో బ్రాండ్లు చేసుకున్న అకార్డ్ ఎందుకు పనిచేసిందంటే, అది చట్టపరంగా కట్టుబడే ఒప్పందం. మాట తప్పితే బ్రాండునే నిలదీయొచ్చు.

విత్తన కంపెనీలను మనం అడగాల్సింది కూడా ఇదే. పెద్దల కూలి లెక్కగట్టి ధర పెట్టండి. డబ్బు నెలల తరబడి ఆపొద్దు. ఏ ఊళ్లో, ఏ ఆర్గనైజర్ కింద సాగు చేయిస్తున్నారో బయటపెట్టండి. మందు కొట్టిన పొలంలోకి వెంటనే మనుషుల్ని దింపొద్దు. పిల్లలు దొరికారని ఆ ఊరు వదిలేసి పక్క ఊరికి పోవద్దు. అక్కడే ఉండి సరిచేయండి.

"పిల్ల పనికి పోకపోతే ఇల్లెట్లా గడుస్తది?" అని మన పెద్దవాళ్లే అడుగుతారు. కోపం తెచ్చుకోకండి. పిల్ల తక్కువ కూలికి దొరికినంత కాలం, పక్కనే ఉన్న అమ్మకు కూలి పెరగదని నిదానంగా చెప్పండి.

ఇక మన వంతు. ఈ సీజన్‌లో మీ తండాలో, గూడెంలో ఎవరు ఏ ఆర్గనైజర్ కిందకు పోతున్నారు, అడ్వాన్స్ ఎంత, రోజు కూలి ఎంత, విత్తనం ఏ కంపెనీది అన్నది రాసి పెట్టండి. ఆశ్రమ పాఠశాలలో ఏ పిల్ల ఉన్నట్టుండి కనపడకుండా పోయిందో కనుక్కోండి. పిల్లలు పనిలో ఉంటే 1098కి ఫోన్ చేయండి. చదువుకున్నవాళ్లం మనం ఆ లెక్క రాయకపోతే, "మాకు తెలియదు" అన్న కంపెనీ మాటే నిలబడుతుంది.