కంపెనీ చేతులు మారినప్పుడు కార్మికుని హామీ ఏది?



విండోస్ సాఫ్ట్‌వేర్‌తోపాటు ఎక్స్‌బాక్స్ ఆటయంత్రాలను తయారుచేసే మైక్రోసాఫ్ట్, వీడియో ఆటల ప్రచురణలో అగ్రశ్రేణి సంస్థ అయిన యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొనుగోలు చేయనున్నట్లు 2022 జనవరిలో ప్రకటించినది. 2023 అక్టోబరు 13న ఆ కొనుగోలు పూర్తయినది. ఇటువంటి కొనుగోళ్లను అనుమతించవచ్చునా? రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనకు ఈ ఆటల గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. కారణం ఉన్నది.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2022 డిసెంబరులో ఈ కొనుగోలును వ్యతిరేకిస్తూ దావా వేసినది. బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ 2023 ఏప్రిల్‌లో నిరాకరించి, కొన్ని హక్కులను వేరొక కంపెనీకి బదలాయించిన పిమ్మట అక్టోబరులో సమ్మతించినది. రెండుచోట్లా వాదన ప్రధానంగా మార్కెట్ చుట్టూనే తిరిగినది. ఆటను తయారుచేసే మనిషి గతి ఏమిటన్న ప్రశ్నను ముందుకు తెచ్చినది కార్మిక సంఘమే.

2022 మే నెలలో యాక్టివిజన్‌కు చెందిన రావెన్ సాఫ్ట్‌వేర్‌లో ఆటలను పరీక్షించే కార్మికులు 19-3 ఓట్లతో సంఘాన్ని గెలిపించుకున్నారు. జూన్‌లో అమెరికా కమ్యూనికేషన్ కార్మికుల సంఘం మైక్రోసాఫ్ట్‌తో తటస్థతా ఒప్పందం కుదుర్చుకున్నది: కొనుగోలు పిదప సంఘం పెట్టుకునేవారికి యాజమాన్యం అడ్డు తగలరాదు. దాని ఫలితంగా 2024 మార్చిలో సుమారు 600 మంది పరీక్షకులు సంఘటితులైనారు. ఇది సామాన్య విజయం కాదు.

అయినను ఆ ఒప్పందం ఉద్యోగానికి భద్రత ఇవ్వలేదు. కొనుగోలు జరిగి నాలుగు నెలలైనా నిండకముందే, 2024 జనవరి 25న, మైక్రోసాఫ్ట్ తన ఆటల విభాగంలో 1,900 ఉద్యోగాల కోత ప్రకటించినది. హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల ఆ కంపెనీకి అధిపతి అని మనం గర్వించవచ్చు. కాని కోత వేసే కత్తికి ఊరూ భాషా తెలియవు.

మన అనుభవం ఇక్కడ గుర్తుకు రావాలి. 2000 అక్టోబరు 1న టెలికాం సేవలు భారత్ సంచార్ నిగమ్‌కు మారినవి. అంతకుముందే సంఘాలు పోరాడి, బదిలీ అయ్యే ఉద్యోగులకు ప్రభుత్వ పెన్షన్‌ను నాటి నియమాలలో 37-ఎ గా రాయించుకున్నవి. 2020 జనవరి 31న సుమారు 78,000 మంది స్వచ్ఛంద విరమణ కింద వైదొలగినప్పుడు, శాఖ నుండి వచ్చినవారికి అండగా నిలిచినది ఆ రాతే.

కావున మా అభిప్రాయం స్పష్టం. ఉద్యోగ భద్రత, సేవా నిబంధనల కొనసాగింపు, సంఘ హక్కు, ఈ మూడూ చట్టబద్ధమైన షరతులుగా లిఖితం కానిదే ఏ పెద్ద కొనుగోలునూ ఏ ప్రభుత్వమూ అనుమతించరాదు. సంతకాలు పడిన తరువాత అడిగేది విన్నపం. పడకముందు అడిగేది బేరం. యజమాని మారే రోజు మన శాఖలో ఎదురైనా సరే, బేరమాడే బలం సంఘ సభ్యత్వంలోనే ఉన్నది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!