గడువు దాటిన చదువులు

సత్యవేడులో మహిళా సంఘం సమావేశం ముగిశాక ఒక తల్లి నన్ను ఆపి అడిగింది: "అక్కా, మా పాప డాక్టరు చదువుకు అప్లికేషను ఎప్పుడు పెట్టాల?" పాప ఇంటరు కాబోలనుకున్నాను. కాదు, తొమ్మిదో తరగతి. పదో తరగతి అయ్యాక చెన్నైలో మేనమామ ఇంట్లో ఉంచి చదివిస్తారట. తొందరపడుతోందని నవ్వబోయి ఆగిపోయాను. ఆమె సరైన సమయానికే అడిగింది.

మన రాష్ట్రంలో 85 శాతం సీట్లు స్థానికులవి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు పెట్టిన షరతు ప్రకారం, ఇంటరు పూర్తయ్యే ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. సత్యవేడు 1960 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోనిదే. మన చుట్టరికాలు ఇప్పటికీ సరిహద్దు దాటుతాయి. స్థానికత మాత్రం దాటదు.

తర్వాత తేదీలు. 2025లో నీట్ దరఖాస్తుల గడువు ఫిబ్రవరి 7 నుంచి మార్చి 7. మన ఇంటరు పరీక్షలూ ఆ మార్చిలోనే. అఖిల భారత కోటాలో బీసీ పిల్లకు కేంద్ర నమూనాలో ఓబీసీ పత్రం కావాలి. ఇంట్లో ఉన్న కులపత్రం చాలదు. కూలి వదులుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది తల్లి. ఓటీపీ వచ్చేది తండ్రి ఫోనుకో, అన్న ఫోనుకో.

గడువు దాటితే ఏడాది పోతుంది. ఆ ఏడాది మగపిల్లవాడికి లాంగ్‌టర్మ్ కోచింగు, ఆడపిల్లకు పెళ్లి సంబంధం. తేదీ అందరికీ ఒకటే కావచ్చు, దాన్ని తప్పినందుకు చెల్లించే మూల్యం ఒకటి కాదు.

1875లో మద్రాసు వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకుంది. ఇవాళ తిరుపతిలో ఆడపిల్లలకే ఒక వైద్య కళాశాల ఉంది. వాకిలి తెరిచే ఉంది, మన పిల్లలు దాని దాకా వెళ్లేలోగా గడువు ముగుస్తోంది.

అందుకే ప్రతి సంఘాన్నీ కోరుతున్నాను. తొమ్మిదో తరగతి తల్లులతో స్థానికత గురించి మాట్లాడండి. ఇంటరు పిల్లల పత్రాలు డిసెంబరులోపే సిద్ధం చేయించండి. కాలేజీల్లోనే ధ్రువపత్రాల శిబిరాలు పెట్టాలని మండల అధికారులను నిలదీయండి. దరఖాస్తులో ఆడపిల్ల చేతికందే ఫోను నంబరే ఉండేలా చూడండి.

ఆ తల్లికీ ఇదే చెప్పాను: "చెల్లెమ్మా, ఇంటరు కూడా మన జిల్లాలోనే చదివించు. నీ కూతురి అప్లికేషను ఈ ఏడే మొదలైంది."