దివాన్ దేవిడీ సామానుల పట్టిక

పాత గొప్పయిండ్లలోని వస్తువులకు పట్టిక వ్రాయుట గుమాస్తా పనియని మనలో చదువుకొన్నవారు సైతము తలంచుచున్నారు. సంఖ్య వేసి, పేరు వ్రాసి, బీరువాకు తాళము వేసిన చాలునట! ఈ యభిప్రాయమును మేము ఒప్పుకొనజాలము. అట్టి పట్టిక దొంగను పట్టుకొనుటకు పనికివచ్చునేమో కాని, ఆ యింటిని తెలిసికొనుటకు పనికిరాదు.

హైదరాబాదులోని సాలార్‌జంగు వస్తువుల కథనే చూడుడు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ అవివాహితుడు, 1949లో మరణించెను. అతని భవనములలో చెదరియున్న వస్తువులను క్రమపఱచుటకు నాటి పరిపాలనాధికారి వెల్లోడి, కళావిమర్శకుడగు జేమ్స్ కజిన్సును కోరెను. 1951 డిసెంబరు 16వ తేదీన దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియమును తెఱచెను. 1968లో వస్తువులన్నియు మూసీ యొడ్డున క్రొత్త కట్టడమునకు తరలిపోయెను. వస్తువులు దక్కినవి, సంతోషమే. ఇల్లు దక్కలేదు. దేవిడీ చాలవఱకు పడగొట్టబడి, ద్వారములు మిగిలినవి.

క్రొత్తచోట దంతపు పని యొకచోట, గడియారము లొకచోట, ఐరోపా గాజు మఱియొకచోట నున్నవి. చూడవచ్చినవారి కిది సుకరమే. కాని యే పాన్‌దాను జనానాలో నుండెనో, ఏది దర్బారులో అతిథుల కందింపబడెనో ఈ వరుసలో నెట్లు తెలియును? గది యున్నంతకాలము గదియే సాక్షి. అది పోయిన పిదప కాగితమే సాక్షి. కావున వస్తువును కదలింపకముందే, అది యే గదిలో, దేని ప్రక్కన, ఎవరి వాడుకలో నుండెనో వ్రాయవలెను.

ఇంకొక యన్యాయము కలదు. ముసుగు రెబెక్కా విగ్రహమును చెక్కినవాడు బెంజోనీయని, మొదటి సాలార్‌జంగు దానిని 1876లో కొనెనని చూచివచ్చినవా రెల్ల చెప్పుదురు. బిద్రీ హుక్కా బుడ్డి నెవరు చేసిరి? తుత్తునాగములో కొంచెము రాగి కలిపి పోతపోసి, ఉలితో గాడులు తీసి, వెండితీగను సుత్తితో పొదిగి, బీదరుకోట మట్టియు నవాసారమును కలిపిన నీటిలో కాచి నల్లపఱచిన యా చేయి యెవరిది? వెండి తెల్లగనే నిలుచుట చూచి మనము మెచ్చుకొందుము. పనివాని పేరు మాత్రము ప్రాయికముగా వస్తువుపై నుండదు. కొన్నవాని పేరు పట్టికలో నుండును.

'పేర్లు దొరకనప్పు డేమి చేయుదుము?' అని కొందఱు మమ్ము ప్రశ్నింపవచ్చును. అడిగితిరా? అని మా మాఱుప్రశ్న. బీదరులోను హైదరాబాదులోను ఆ పని నేటికిని సాగుచున్నది. గాడు తీసిన తీరు చూచి పనివాడు చెప్పగలిగిన మాట పండితునకు తోచకపోవచ్చును. అతనిని పట్టికవ్రాయు బల్లయొద్ద కూర్చుండబెట్టుట కేమి నామోషీ? ఇంటిలో ఊడిగము చేసి ముసలివారైన వారిని, ముఖ్యముగా స్త్రీలను, అడుగుట కేమి లోపము? తమ్మపడిగను తోమిన చేతులకు దాని సొట్ట యెప్పు డేర్పడెనో తెలియును.

మన యిండ్లు మాత్రము మేలా? అవ్వ బ్రదికియుండగనే అటకమీది యిత్తడి బిందెలు తూకమునకు పోవుచున్నవి. ఏ కోడలితో నేది వచ్చెనో ఆమె నొకమాటైన నడిగినవారు లేరు.

ఎంత విచారించినను తెలియనిచో, పనివాని పేరు వ్రాయవలసిన గడిని ఖాళీగనే యుంచుడు. 'హైదరాబాదు, అలంకారవస్తువు' అని దానిని పూరింపకుడు.