గట్టుమీది పంక్తిలో నింకెవరికి చోటు?

మధ్యాహ్న విరామకాలమున మా పాఠశాలయందలి చిన్న తరగతుల బాలురు కొంతకాలముగా నొక గొప్ప వివాదమున మునిగియున్నారు. అమెరికా దేశపు చిత్రకథలలో అవెంజర్సు అను అతిమానుషవీరుల జట్టొకటి కలదు. ఆ జట్టున జేరక మూలనుండిపోయిన చిన్నవీరులలో నెవరికి చోటీయవలెనను విషయమై వారు రెండు పక్షములై, అన్నపు డబ్బాలు తెఱచుట సైతము మఱచుచున్నారు. మన బహదూర్‌పురాలోని జంతుప్రదర్శనశాల తెఱువబడిన 1963వ సంవత్సరముననే ఆ జట్టును పుట్టినది. అందుచే దానిని పొరుగింటివారి సంగతివలె నెంచి వాదించుచున్నారు కాబోలు! మేము వారిని మందలింపలేదు. వారడుగు ప్రశ్న మంచిది. దానిని మన నగరమును గుఱించి కూడ నడుగవలెనని మాత్రమే మా కోరిక.

ఏలయనగా మనకును ఒక జట్టు కలదు. పురానాపూలు వంతెనమీదుగా మూసీ దాటి యుత్తరముగా పోయినచో హుస్సేను సాగరపు గట్టు వచ్చును. నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా నుండిన కాలమున, 1986వ సంవత్సరమున, ఆ గట్టుపై 33 విగ్రహములు వరుసగా నెలకొల్పబడినవి. నన్నయ, తిక్కన, పోతన, వేమన యందున్నారు. రుద్రమదేవి, శ్రీకృష్ణదేవరాయలు, తానాషా ఉన్నారు. గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటను దొరగారును ఉన్నారు. వీరిలో నెవరినైనను దింపవలెనని మేమనము. 2011వ సంవత్సరము మార్చి 10వ తేదీని, ప్రత్యేక తెలంగాణోద్యమ దినములలో, ఆ విగ్రహములలో పెక్కింటిని కూలద్రోసిరి, కొన్ని నీటిపాలయ్యెను. తమ ప్రాంతపువారికి తగిన చోటు దొరకలేదను కోపము దానికి కారణము. పిమ్మట నవి మరల నిలువబడినవి. కొమరము భీముని విగ్రహమును గట్టుపై వెలసినది. కావున ఆ పంక్తి ముగిసిపోయినది కాదు, ఇంకను పెరుగవచ్చును.

ఆ వరుసలో రాజులు, కవులు, భక్తులు మెండు. సింహాసనముగాని కావ్యముగాని లేనివారికి చోటు దొరకుట కష్టము. మా పరీక్ష వేఱు. ఆ మనుష్యుడు చేసిన పనివలన మనమింకను బ్రదుకుచున్నామా యని మాత్రమే మేమడుగుదుము.

ఈ పరీక్షయందు మొదట నిలుచువారు భాగ్యరెడ్డివర్మగారు. వీరు 1888వ సంవత్సరమున ఈ హైదరాబాదుననే, మాల కులమునందు, మాదరి భాగయ్యగా జన్మించిరి. 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, 1910లో ఇసామియా బజారున అంటరానివారనబడు పిల్లలకై పాఠశాల తెఱచిరి. అది యెట్టి కాలమో మన బాలురూహింపవలెను. రాజభాష ఉర్దూ, తెలుగు చదువే యరుదు, అందును ఆ పిల్లలను ఇతరులతో గలిపి కూర్చుండబెట్టుకొను బడి మఱింత యరుదు. అట్టి నగరమున, సంస్థానపు ఖజానా వెనుకలేని యొక మనుష్యుడు తెలుగు బోధించు పాఠశాలలను ఒకటి వెంట నొకటిగా తెఱపించెను. అవి క్రమముగా 26 వఱకు పెరిగినవి. 1917లో బెజవాడయందు కూడిన పంచమ మహాసభకు వీరే అధ్యక్షులు. పంచములనునది తమ పేరు కాదనియు, తాము ఈ దేశమునకు ఆదివాసులమనియు వారు వాదింపగా, ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ యని పేరు మార్చుకొన్నది. దేవతల పేరిట ఆడుపిల్లలను జోగినులుగా విడుచు నాచారముతోను వీరు పోరాడిరి. వీరు 1939లో గతించిరి. నేడు మా తరగతులలో నొకే బల్లపై కూర్చుండు పిల్లలలో నెవరి తాత యే బడిలో నక్షరములు దిద్దెనో యెవరు చెప్పగలరు?

రెండవ పేరు చెప్పుటకు మాకు కొంచెము సంకోచము కలదు. మిషను పాఠశాల పత్రికలో మిషను వైద్యురాలిని పొగడుట స్వపక్షాభిమానమందురు. అననిండు. స్కాట్లాండు దేశస్థురాలగు డాక్టరు ఇసబెలు కెర్రుగారు నిజామాబాదు ప్రాంతమున కుష్ఠరోగులను జూచి, 1915లో డిచుపల్లియందు వారికై ఆసుపత్రిని స్థాపించిరి. ఊరివారు వెలివేసినవారికి అచట పడకయు, మందును, చేయుటకు పనియు దొరకినవి. ఆ ఆసుపత్రికి ధనమిచ్చినవారిలో నిజామాబాదు హిందూ ప్రభువగు నర్సాగౌడుగారొకరు. కాటను దొరగారు గట్టుపై నుండగా, పరదేశీయురాలను ఆక్షేపణ యీమెకు చెల్లదు. గట్టుపై స్త్రీలెంత తక్కువయో చూచినవారెల్ల నెఱుగుదురు.

షోయబుల్లాఖానుగారి సంగతి పెద్దలనేకు లెఱిగినదే. ఆయన పత్రిక పేరు ఇమ్రోజు, అనగా నేడు. హైదరాబాదు భారత యూనియనులో కలియవలెనని, రజాకార్ల దౌర్జన్యము తగదని ఆయన ఉర్దూలో వ్రాసెను. 1948 ఆగస్టు 22వ తేదీని తెల్లవాఱకమున్నే ఆయనను హత్యచేసి, వ్రాసిన చేతిని నఱికిరి. అప్పటికాయనకు ముప్పదియేండ్లు నిండలేదు. నెల తిరుగకమునుపే, సెప్టెంబరు 17న, ఆయన కోరినది జరిగినది. ముసల్మాను సోదరులు అధికముగా నివసించు మన పాతబస్తీ పిల్లలకు ఈ ఒక్క పేరు చాల పాఠములకు సాటి.

ఇక నాలుగవవాడు. ఈ పేరు విని మా ఉపాధ్యాయులలోనే కొందఱు నవ్విరి. ఆతని పేరు హుసేనుఖాను. 1897వ సంవత్సరమున సికింద్రాబాదున చలిజ్వరముతో నున్న రోగి. సైనిక వైద్యుడగు రొనాల్డు రాసుగారు తాను పెంచిన దోమలచే ఆతనిని కుట్టించి, దోమకొక అణా చొప్పున ఇచ్చెను. ఆ దోమలలో నొకదానిని కోసి చూడగా ఆగస్టు 20వ తేదీని దాని పొట్టగోడలో మలేరియా జీవి కనబడినది. మఱుసటి యేట కలకత్తాలో పక్షులపై పరిశోధించి రాసుగారు మిగిలిన మార్గమును కనుగొనిరి. 1902లో నోబెలు బహుమానము నందిరి. బేగంపేటలోని భవనమునకు వారి పేరే కలదు. హుసేనుఖానునకు దక్కినవి అణాలు మాత్రమే. డబ్బు పుచ్చుకొని కుట్టించుకొన్నవాడు వీరుడెట్లగునని మమ్మడిగిరి. గట్టుమీది రాజులును పన్నులు పుచ్చుకొనియే యుద్ధములు చేసిరని మేము బదులు చెప్పితిమి. జ్వరపీడితుడై, ఎందులకో తెలిసియో తెలియకయో, చేయి చాపి కూర్చున్నవాని నెత్తురే ఆ వెలుగునకు నూనె. నలుగురిలో ఒక్కనికే చోటున్నదన్నచో మేమీతనికే యిత్తుము.

మా బాలికలలో నొకతె 1908వ సంవత్సరపు మూసీ వరదలో దాదాపు 150 మందిని తన కొమ్మలపై నిలుపుకొన్న చింతచెట్టును గూడ చేర్చుమని కోరినది. అది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున తన చోటనే యున్నది, దానిని కదలింపనక్కఱలేదని చెప్పితిమి గాని, ఆ బాలిక యొప్పుకొనలేదు. వేఱు పేర్లు గలవారు, ఆ మనుష్యుడు చేసిన పనిని, చేసిన సంవత్సరమును వ్రాసి, వచ్చు సంచికకు లోపల మాకందజేయుదురు గాక.